రాజీకి ఎవరెవరు కూర్చున్నారు?

పాకిస్తానుతో యుద్ధం ఆగిందని పేపర్లో పడిన రోజు ముత్తుకూరు నుంచి నెల్లూరుకు బస్సులో పోతున్నాను. నా చదువు అయిదో తరగతిలోనే ఆగింది గానీ నోరు ఆగలేదు. పేపరు విప్పి, రెండు దేశాల పెద్దల్నీ తలా నాలుగు మాటలు అని బస్సంతా నవ్వించాను.

పక్కనే చేపల గంపతో కూర్చున్న పెద్దామె మాత్రం నవ్వలేదు.

"అబ్బయా, మా పిల్లోడు మిలిట్రీలో ఉండాడు. నెల నుంచి జాబు రాలేదు. యుద్ధం నిజంగా ఆగిందా?"

"ఆగిందమ్మా. దేశాలన్నీ కూర్చుని ఆపినాయంట."

"ఎవరెవరు కూర్చున్నారు?"

"నాబోటి పనిలేనోళ్ళే."

"ఎకసెక్కాలు చాలించి చదువు. మా పల్లెకీ పక్క పల్లెకీ వలల కాడ కొట్లాటైతే, దెబ్బలు తిన్నోళ్ళ తల్లుల్ని రెండు పక్కలా కూర్చోబెట్టందే పెద్దోళ్ళు రాజీ చెయ్యరు. ఆ తల్లులు సరేననేదాకా ఒక్క పడవ కదలదు. వీళ్ళు తల్లుల్ని అడిగినారా?"

అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, నెల్లూరు వచ్చేదాకా ఆ వార్తంతా చదివాను.

"లేదమ్మా."

"అయితే ఇది నిలిచేది కాదు." గంప నెత్తికెత్తుకుంది. "రేపూ చదువు, ఎల్లుండీ చదువు. మాట తప్పినారంటే నాకు చెప్పు. నేనే పోయి అడుగుతా."

"ఎవర్నమ్మా?"

"ఆ కూర్చున్నోళ్ళని."

బస్సు దిగి జనంలో కలిసిపోయింది.

అప్పట్నుంచి పేపరు వదల్లేదు. ఏ దేశాలు కొట్టుకున్నా, ఎక్కడ రాజీపడినా చివరి అక్షరం దాకా చదువుతాను. ఆమెది ఏ పల్లో అడగడం మరిచిపోయాను. చెప్పాల్సినవి మాత్రం చాలా పోగయ్యాయి.