చెలక రేడియోలో మొదటి గొంతు

తెలకపల్లి చెలక రేడియోకు పదేళ్లు నిండాయి. పదేళ్లు నిండిన సంస్థకు చరిత్ర ఉండి తీరాలని మేనేజర్ రాఘవేందర్ నిర్ణయించాడు. చరిత్ర అంటే గోడకు ఒక నల్లరాతి ఫలకం. దాని మీద మొదట వినిపించిన గొంతు ఎవరిదో ఆ పేరు, ఆ కార్యక్రమం పేరు.

గొంతు గురించి ఎవరికీ అనుమానం లేదు. మొదటి రోజు మైకు ముందు కూర్చుని వేరుశనగ విత్తనశుద్ధి గురించి చదివింది అమృతమ్మ. ఊరంతా విన్నది. అంతవరకూ ఆమె పేరు కూలీల మేస్త్రీకి తప్ప ఎవరికీ అక్కర లేదు. ఆ రోజు నుంచీ కిరాణా సేటు కూడా "అమ్మా" అని పిలుస్తున్నాడు. రాతి మీద పేరు పడితే చాలు, ఈ జన్మకు ఇంకేమీ అడగదలచుకోలేదు ఆమె.

చిక్కు తెచ్చినవాడు బుచ్చన్న. పెళ్లిళ్లకు మైకు సెట్లు కిరాయికిస్తాడు. స్టేషన్ పెట్టిన కొత్తలో ఊళ్లో రేడియో పెట్టి వినే అలవాటు ఎవరికీ లేదు గనక, అతని దగ్గర రెండు లౌడ్‌స్పీకరు గొట్టాలు తెచ్చి మిద్దె మీద కట్టి, మైకు తీగ నేరుగా వాటికే కలిపారు. ఊరు విన్నది ఆ గొట్టాలను. టవర్‌కు పోయే తీగ ఊడి ఉన్న సంగతి వారం దాకా ఎవరికీ తట్టలేదు. తట్టవలసిన అవసరమూ రాలేదు.

"మొదటి వారమంత మీ రేడియో నా గొట్టాల మీదనే నడిచింది సార్. అది రేడియో అయితే లగ్గాలల్ల నేనేసే పాటలు గూడ రేడియోనే."

రాఘవేందర్ దీర్ఘంగా ఆలోచించి, గాలిలోకి వెళ్లినదే రేడియో అని తీర్పు చెప్పాడు. అమృతమ్మకు ఆ పూట ముద్ద దిగలేదు. వారమంతా తాను ఊరితో మాట్లాడిందా, రెండు రేకు గొట్టాలతోనా?

టవర్ తీగ అతికించిన రోజున మొదట ఎవరు మాట్లాడారో విన్నవాళ్లుంటే రమ్మని రేడియోలోనే చెప్పించారు. ఒకే ఒక్కడు వచ్చాడు. గొర్లు కాచే ఎల్లన్న, మెడలో కల్వకుర్తిలో కొన్న చిన్న రేడియోతో. అమృతమ్మ నోరు తెరవగానే గుర్తుపట్టాడు.

"నువ్వేనా బిడ్డా? ఆ నాటకం మల్ల ఏయకపోతిరి. పెనిమిటి పుణెకు రమ్మంటడు, ఆమె రానంటది. రోజు గదే యాళకు పెట్టుకొని కూసుంటి. ఆఖర్కి పొయిందా, ఉన్నదా?"

"ఏ నాటకం? రాసిందెవరు?" అన్నాడు రాఘవేందర్ కలం తీసి.

అది ఏ నాటకమో అమృతమ్మకు తెలిసిపోయింది. ఆ రోజు పెళ్లి ఉందని బుచ్చన్న గొట్టాలు ఊడదీసుకుపోయాడు. గొట్టాలు లేని గదిలో మాట్లాడితే ఎవరికి వినబడుతుంది? ఆ ధీమాతోనే మైకు ముందు కూర్చుని, పుణెలో మేస్త్రీ పనికి పోయిన భర్త మాసయ్యతో ఫోన్లో తగవు పడింది. తీగ ఆ పొద్దునే అతికించారని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఒప్పుకుంటే కాపురం రాతికెక్కుతుంది. కాదంటే పేరు మర్నాడు కార్యక్రమం చదివిన, స్టేషన్‌లోనే పనిచేసే శివకుమార్‌కు పోతుంది. ఇది పరువో, పరువు పోవడమో ఆమెకు అంతుపట్టలేదు. గేటు బయట ఆటోలో కూర్చున్న మాసయ్య కేసి ఒకసారి చూసింది.

"నాటకం గాదు సార్. నా మొగనితోని కొట్లాట." తర్వాత ఎల్లన్న వైపు తిరిగింది. "నేను పోలే తాతా. ఆయనే మర్లొచ్చిండు."

పోతుందనే అనుకున్నానని ఎల్లన్న కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. సంగతి తెలిసి మాసయ్య లోపలికి వచ్చాడు.

"ఫోన్ల అవతల నేనే ఉంటి గద సార్. నా పేరు రాయరా?"

ఆయన మాటలు గాలిలోకి పోలేదు గనక చరిత్రలోకి రావని రాఘవేందర్ విచారంగా తెలియజేశాడు. ఫలకం మీద అమృతమ్మ పేరు ఒక్కటే పడింది. దాని కింద కార్యక్రమం అన్న చోట ఏం చెక్కాలో వ్యవసాయమని కొందరు, వినోదమని కొందరు అన్నారు. ఎటూ తేలక రాయి చెక్కేవాడు ఖాళీ వదిలేశాడు.