సాంచలు ఆపించిన రోజు

ఆ రోజుల్లో మా వాడకట్టుకు నిశ్శబ్దం కరెంటు పోయినప్పుడే వచ్చేది. మా ఇంటి గోడకు అవతల ఆసామి మామ షెడ్డు, అందులో ఎనిమిది సాంచలు. (మరమగ్గాలను మా ఊళ్లో సాంచలంటారు. వాటి యజమాని ఆసామి.) అవి ఆడుతుంటే చెంబులో నీళ్లు వణికేవి, మేకుకున్న క్యాలెండరు ఊగేది, మా మాటలన్నీ అరుపులుగానే పుట్టేవి. "ఉప్పు తేవే" అన్నా అదేదో కొట్లాటనుకునేవాళ్లు కొత్తవాళ్లు. అంత చప్పుడులో గొంతు పెంచడం చేతకానిదాన్ని నేనొక్కదాన్నే. కావలసింది సైగలతో అడిగేదాన్ని, సైగలకు అందనిది డైరీలో రాసుకునేదాన్ని. అందుకే నాకు 'సైగల పిల్ల' అని పేరు. (పదో తరగతి సర్టిఫికెట్‌లో వేరే పేరుంది గానీ, దానితో పిలిచినవాళ్లు తక్కువ.)

మా బాపు ఒకప్పుడు ఆ షెడ్డులోనే మూల మీది నాలుగు సాంచలు నడిపేవాడు. తరవాత గల్ఫుకు పోయి నీళ్ల ట్యాంకరు డ్రైవరయ్యాడు. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు. నాకు పందొమ్మిదేళ్లప్పుడు అలా వచ్చిన సెలవులో ఒకరోజు అన్నం తింటూ అన్నాడు: "రోడ్డు సక్కగ పోతనే ఉంటది బిడ్డ, పోతనే ఉంటది. రేడియోల అంత అరబ్బీ. ఫోను ముట్టుకుంటే కంపెనీవోడు ఊకోడు. సీడీ పెట్టే డబ్బా ఒకటున్నది గని, దాంట్ల ఏసుకునేతందుకు నా దగ్గర ఏమున్నది?"

ఆ మాట నాలో ఉండిపోయింది. అవ్వకు (అమ్మను మేం అవ్వ అంటాం) తెలియకుండా అవ్వ గొంతు రికార్డు చేసి, సీడీ రాసి, బాపు పోయేరోజు చేతిలో పెట్టాలనుకున్నాను. (నోటితో 'నువ్వు లేకుంటే మాకు తోచదు బాపు' అని చెప్పడం కన్నా నాకు అదే సులువనిపించింది.) అవ్వ బీడీలు చుట్టేటప్పుడు ఫోనును తునికాకు కట్ట కింద దాచేదాన్ని. సాంచల చప్పుడు పడకూడదని కరెంటు పోయేదాకా కాచుకునేదాన్ని. కరెంటు పోతే వాడకట్టంతా తిట్టుకునేది, నేనొక్కదాన్నే లోపల సంబరపడేదాన్ని. అలా పోగేసుకున్నది గంటసేపు వచ్చింది. అందులో అవ్వ కోడిని తిట్టడముంది, బతుకమ్మ పాట సగంలో మరిచిపోయి మళ్లీ మొదటికి రావడముంది, "మీ బాపు పోయినంక గీ చింతచారు ఎవరు తాగుతరే" అని తనలో తను అనుకోవడముంది.

బస్టాండు దగ్గర సీడీలు రాసిచ్చే దుకాణం ఉండేది. కానీ అతను రాసినదాన్ని పెద్ద స్పీకర్లలో పెట్టి, బజారంతా విన్నాక గానీ చేతికిచ్చేవాడు కాదు. మా కోడికి పడ్డ తిట్లు బజారు వినడం నాకు ఇష్టం లేదు. నా దగ్గరున్నది ఎవరో వాడి వదిలేసిన ల్యాప్‌టాప్. సీడీ పెట్టే అర లేదు, బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, తీగ పీకితే అదే క్షణం ఆరిపోయేది. చివరికి కరీంనగర్‌లో చదువుకుంటూ దాచుకున్న స్కాలర్‌షిప్పుతో, విడిగా తగిలించే సీడీ రైటరు ఒకటి కొన్నాను. పలచగా, నల్లగా, మడిచిన పుస్తకంలా ఉండేది. మూడు ఖాళీ సీడీలు కూడా తెచ్చుకున్నాను.

బాపు పోయేరోజు రానే వచ్చింది. సాయంత్రం బస్సు. పొద్దున్నే అవ్వా బాపూ వేములవాడకు కోడె మొక్కు తీర్చడానికి పోయారు. వాళ్లు వచ్చేలోగా పని కావాలి. రైటరు తీగకు చివర రెండు తోకలున్నాయి. ఒకటి తగిలించి, రెండోది కూరగాయలతో కొత్తిమీర ఇచ్చినట్టు కొసరేమో అనుకుని వదిలేశాను. మొదటి సీడీ మొదట్లోనే పాడైంది. రెండో తోక దానికి కరెంటు అందించేదట, కాగితం చదివాక తెలిసింది. (పుస్తకాల పురుగునని పేరు, రైటరుతో వచ్చిన ఒక్క కాగితం ముందుగా చదవలేదు.) రెండు తోకలూ తగిలించి రెండో సీడీ పెట్టాను. అరవై శాతం దాకా పోయి ఆగిపోయింది. రైటరు మీద చెయ్యి పెట్టి చూస్తే అది సాంచలతో పాటు దడదడా ఆడుతోంది.

మిగిలింది ఒక్కటే సీడీ. రైటరును దిండు మీద పెట్టి, దాని మీద నీళ్ల గ్లాసు పెట్టి చూశాను. నీళ్లు వణికాయి. బియ్యం బస్తా మీద పెట్టాను, వణికాయి. ఒళ్లో పెట్టుకున్నాను. అప్పుడు సాంచలతో పని లేకుండా నా మోకాళ్లే వణికాయి. అంతలో కరెంటు పోయింది. సాంచలు ఆగాయి! సీడీ పెట్టబోయి చూస్తే ల్యాప్‌టాప్ కూడా ఆగింది. కాసేపటికి కరెంటు వచ్చింది, రెండూ కలిసే వచ్చాయి. మా వాడకట్టులో సాంచ చప్పుడు పడని ఇల్లు లేదు. సీడీ రాయాలంటే కరెంటు ఉండాలి, సాంచలు మాత్రం ఆగాలి. అంటే ఎవరో పోయి అడగాలి. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు.

'దయచేసి పది నిమిషాలు సాంచలు ఆపగలరు' అని చీటీ రాసుకుని షెడ్డుకు పోయాను. బాపుకు పని నేర్పిన ముసలి కాక ఎదురొచ్చాడు. చీటీని దూరంగా పట్టుకుని చూశాడు, ఇంకా దూరంగా పట్టుకున్నాడు.

"అద్దాలు ఇంట్ల మరిసిన బిడ్డ! నోటితోని చెప్పు!"

చెప్పాను. కాక చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మళ్లీ చెప్పాను. చెవి ఇంకా దగ్గరికి తెచ్చాడు. మూడోసారి కళ్లు మూసుకుని అరిచాను. "పది నిమిషాలు సాంచలాపుండ్రి!"

"ఓ ఆసామీ!" అని కాక నాకన్నా గట్టిగా అరిచాడు. "ఉరికి రా! సైగల పిల్ల మాట్లాడింది!"

ఆసామి మామ వచ్చాడు. "సాంచలాపుడేంది? ఎవరన్న పోయిండ్రా?" (ఆ ప్రశ్న ఉత్తది కాదు. కరెంటు ఉండగా మా దగ్గర సాంచలు ఆగేది వాడకట్టులో ఎవరైనా చనిపోతేనే.)

"లేదు మామ. బాపుకు సీడీ రాయాలె. అవ్వ గొంతు. ఇల్లు అదురుతుంటే ఖరాబైతుంది. ఒక్కటే మిగిలింది."

"ఆర్డరు మీదున్న బిడ్డ. రేపు బట్ట లారీ ఎక్కాలె," అన్నాడు మామ. నేను కదల్లేదు. ఆయన మూల మీది నాలుగు సాంచల వైపు చూశాడు. తరవాత చెయ్యి ఎత్తాడు. "పదే నిమిషాలు. పదకొండు కావద్దు."

ఒక్కొక్కటే ఆగాయి. పరుగెత్తి సీడీ పెట్టాను. రైటరు మీద పచ్చ దీపం మిణుకుమంది. ముప్పై శాతం కాకముందే వాడకట్టు ఆడవాళ్లు నోటికి కొంగులడ్డం పెట్టుకుని గడపలో నిలబడ్డారు. "ఎవరే? ఎవరు పోయిండ్రే?" నేల అదిరించొద్దని, దయచేసి అక్కడే నిలబడమని వాళ్లకు రెండు చేతులూ జోడించాను. దానితో వాళ్లకు ఖాయమైపోయింది. ఒకావిడ ఏడుపు అందుకుంది.

సరిగ్గా అప్పుడే అవ్వా బాపూ ఆటో దిగారట. సాంచల చప్పుడు లేదు, మా గడప ముందు మంది. "అయ్యో నా బిడ్డా!" అంటూ ప్రసాదం సంచితో అవ్వ ఉరికి వచ్చింది, వెనక బాపు, వాళ్ల వెనక మిగతావాళ్లు. ఆ అడుగులకు నేల సాంచలకన్నా ఎక్కువ అదిరింది.

"అడుగు తియ్యకుండ్రి!" అని అరిచాను. "ఎవ్వరు సావలే! ఇంక ఇరవై శాతమే ఉన్నది!"

అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. బాపు ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట, చేతిలో చెప్పుతో నిలబడ్డాడు. రైటరు తన నాలుకను బయటికి చాపింది. రాయడం పూర్తయింది.

"గీ పళ్లెం కోసం నా పానం తీస్తివి గదనే," అంది అవ్వ గుండె పట్టుకుని. పాడైన రెండు సీడీలనూ తిప్పి చూసి, "నడుమ బొక్క లేకుంటే చెంబులకు మంచి మూతలైతుండె," అంది. రాసినదాన్ని బాపు చేతిలో పెట్టాను. సీడీని ఉతికిన అంగీల మధ్య పెట్టుకున్నాడు.

వారానికి ఫోను చేశాడు. "అవ్వ ముందట కూసోని మాట్లాడినట్టే ఉన్నది బిడ్డ. గని..."

"గని ఏంది బాపు?"

"సాంచల సప్పుడేది? అవ్వ వేరెవరింట్లనో కూసున్నట్టున్నది."

కరెంటు పోయిన గడియలన్నీ ఏరి ఏరి నేను తీసేసినది అదే. మర్నాడు ఫోను రికార్డులో పెట్టుకుని మళ్లీ షెడ్డుకు పోయాను. నన్ను గుమ్మంలో చూడగానే, నోరు తెరవకముందే, కాక చెయ్యి ఎత్తాడు. ఎనిమిది సాంచలూ మర్యాదగా ఆగిపోయాయి. "మళ్ల సీడీనా బిడ్డ? పో, రాసుకో పో."

"ఆపకుండ్రి!" అని అరిచాను. "నడవనియ్యుండ్రి! గా సప్పుడే గావాలె!"

ఆ సీడీని కరీంనగర్ హాస్టల్లో రాశాను. అక్కడి నేల కదలదు, మొదటిసారికే అయిపోయింది. గల్ఫుకు పోతున్న మా వాడకట్టాయన చేతికిచ్చి పంపాను.

ఇప్పుడు బాపు పూర్తిగా వచ్చేశాడు. కానీ షెడ్డు మూతపడింది. కాక లేడు. సాంచలు ఒక్కొక్కటే లారీ ఎక్కి ఎటో పోయాయి. మా ఇంట్లో గోడ గడియారం కూడా వినిపిస్తుంది. అయినా ముగ్గురం అరుచుకునే మాట్లాడుకుంటాం, సైగల పిల్లతో సహా. పోయిన నెల ఇంటికి పోతే బాపు గీతలు పడ్డ సీడీ ఒకటి తెచ్చిచ్చాడు. "ఇది ఇంక పాడుతదా చూడు బిడ్డ." నా కొత్త ల్యాప్‌టాప్‌కు కూడా సీడీ అర లేదు. పెట్టె అడుగు నుంచి పాత రైటరు తీసి, ఈసారి మరిచిపోకుండా రెండు తోకలూ తగిలించాను.

మొదట సాంచలు ఆడాయి. తరవాత ఒక్కొక్కటే ఆగాయి. కాక మాట. ఆ వెంటనే పలచగా, చివర జీరపోయిన ఒక ఆడపిల్ల అరుపు: "ఆపకుండ్రి!" ఎనిమిదీ మళ్లీ ఒకదాని వెనక ఒకటి కదిలాయి, ఇల్లంతా నిండిపోయింది. అవ్వ బీడీ చుట్టడం ఆపి వింది. బాపు కళ్లు మూసుకుని వేలితో మోకాలి మీద ఆ దెబ్బకు దెబ్బ వేస్తున్నాడు.

"గట్టిగనే అన్నవు బిడ్డ," అన్నాడు అయిపోయాక. "మళ్లొకసారి పెట్టు."

పెట్టాను. అలవాటు కొద్దీ పక్కనున్న చెంబులోకి చూశాను. నీళ్లు కదల్లేదు. నాకే నవ్వొచ్చింది.