నాలుగెకరాలకు నా పేరు

ఖమ్మంలో ఆరేళ్లలో ఐదు కిరాయి ఇళ్లు మారాను. ప్రతి ఇంటి ఓనరూ గేటు దగ్గరే నిలబెట్టి ముందు ఉద్యోగం ఏమిటని అడిగేవాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీరేమోళ్లమ్మా?" అనేవాడు. మాది లంబాడీ తండా అని చెప్పగానే కొందరికి, ఆ ఇల్లు అంతకుముందే ఇంకెవరికో ఇస్తానన్న సంగతి గుర్తొచ్చేది. ఆ మతిమరుపు చూసి చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

నాన్న చేనును తమ్ముళ్లు పంచుకున్నారు. అందులో నాకూ వాటా ఉంటుందని ఎవరికీ తోచలేదు, నాన్నతో సహా. సరే, నా నేల నేనే వెతుక్కుంటాననుకున్నాను. రెండు గదులు, పది కోళ్లు, కూరగాయల మడి, ఎవరూ ఖాళీ చెయ్యమనని గుమ్మం. అంతే నాకు కావలసింది.

భద్రాచలం వైపు అడవి అంచున ఏజెన్సీ ఊళ్లున్నాయి. గిరిజనులు కానివాళ్లు అక్కడ భూమి కొనకూడదని చట్టం. నేను కొనొచ్చు. నా కులం సర్టిఫికెట్ చూసి మొహం ముడుచుకోని చోటు ఒకటుందని నాకు భలే సంబరంగా ఉండేది.

ఈ మాట స్టాఫ్ రూములో నోరు జారాను. నేను జువాలజీ చెప్పే కోచింగ్ కాలేజీలోనే లెక్కలు చెప్పే సార్ ఒకాయన ఉన్నాడు. సత్తుపల్లి దగ్గర భూములున్న ఇంటివాడు. ఆరేళ్లుగా నన్ను "తండా మేడం" అని పిలుస్తూ, అందులో తప్పేమీ లేదనుకునే మనిషి. ఆయన ఉన్నట్టుండి, "ఒక్కదానివే ఆ ఊళ్లెంట ఏం తిరుగుతావమ్మా? నువ్వు మా చెల్లెలి లాంటిదానివి. నా కారు ఉంది కదా" అన్నాడు. కాగితాలు ఎవరికో చూపిస్తానని నా ఆధార్, కులం సర్టిఫికెట్ల జిరాక్సులు కూడా తీసుకున్నాడు. నేను ఇచ్చాను. చదువుకున్నదాన్ని, ఇచ్చాను.

మూడు ఆదివారాలు తిరిగాం. నా దగ్గరొక నోట్‌బుక్కు ఉండేది. ఎండాకాలం బావిలో నీళ్లుంటాయా, వానలకు వాగు పొంగితే ఎన్నాళ్లు దారి ఉండదు, దవాఖానా ఎంత దూరం, కోతులు కూరపాదులు బతకనిస్తాయా, ఇవీ నేను రాసుకున్నవి. సార్ వేరేవి అడిగేవాడు. రోడ్డు వైపు ఎన్ని గజాలు వస్తుంది? ఆయిల్ పామ్ గెలల లారీ లోపలికొచ్చి తిరుగుతుందా? నాకంటే తెలిసినవాడు గదా అని, అవి కూడా నా నోట్‌బుక్కులోనే రాసుకున్నాను. పది కోళ్లు పెంచుకునే ఇంటికి లారీ ఎందుకు తిరగాలో ఒక్కసారి ఆలోచించలేదు. ఆ పేజీ చూస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మూడో ఆదివారం చూసిన చేను నాకు చూడగానే నచ్చింది. నాలుగెకరాలు. గట్టు మీద రెండు ఇప్పచెట్లు, రాతికట్టు బావి, మట్టిగోడల ఇల్లు. ఇంటి మీదికి బీరతీగ పాకి ఉంది. కోతుల బెడద అంతగా లేదన్నమాట. అమ్మే ఆమె కోయ ముసలమ్మ. మోకాళ్లు పట్టేసి, పక్క మండలంలో ఉన్న బిడ్డ దగ్గరికి పోదామనుకుంటోంది. మాకు మంచినీళ్లిచ్చి, తెలుగు తడుముకుంటూ అడిగింది.

"ఈడ ఎవలుంటరు?"

నేను నోరు తెరిచేలోపు సార్ అందుకున్నాడు. "ఈ మేడమేనమ్మా. పేరు ఈమెదే."

ముసలమ్మ తల అడ్డంగా ఊపింది. "పేరు గాదు. పొయ్యి ఎవలిది?"

సార్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. పక్క చేనువైపు చెయ్యి చూపించింది. "అండ్ల గూడ మావోనిదే పేరు. ఆ పేరు గలోడు అండ్లనే కూలికి పోతడు."

నాకు అప్పుడు అర్థమైంది. లారీ అర్థమైంది, చెల్లెలు అర్థమైంది, జిరాక్సులు అర్థమయ్యాయి. కారు దగ్గరికి తీసుకెళ్లి నిలదీశాను. ఆయన తడబడలేదు కూడా.

"ఎందుకమ్మా అంత ఆవేశం? ఓ మూల ఇల్లు వేసుకో, ఎవరొద్దన్నారు? పంట సంగతి నేను చూసుకుంటాను. నీ పేరొక్కటే కదా అడుగుతున్నాను."

"సార్, నా పేరేంది?" అన్నాను.

"ఏంటీ?"

"ఆరేండ్ల సంది ఒక్క రూముల కూసుంటున్నం. నా పేరేందో చెప్పుండ్రి."

ఆయన చూపు కారు సీటు మీదున్న కవరువైపు పోయింది. నా జిరాక్సులు అందులోనే ఉన్నాయి. చదివి చెప్పాలి మరి. ఆ కవరు లాక్కుని, నా ఆధార్‌నూ నా కులాన్నీ అక్కడే ముక్కలు ముక్కలు చేసి సంచిలో కుక్కుకున్నాను. కారు వెళ్లిపోయింది.

వెనక్కి వెళ్లి ముసలమ్మ ముందు నిలబడ్డాను. "అవ్వా, పొయ్యి నాదే" అన్నాను.

"అందరు గట్లనే అంటరు" అంది ఆమె. "నువ్వు ఆయన కార్ల వచ్చినవు గద బిడ్డా. ఇయ్యాల మాట లేదు. వస్తే బస్సుకు రా."

ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. సార్ మీద వచ్చినదానికంటే ఎక్కువ, ఆమె మీద వచ్చింది. ఖమ్మంలో గేటు దగ్గర నిలబెట్టారు, ఇక్కడా నిలబెడుతున్నారు. రోడ్డు మీదికొచ్చి రెండు గంటలు బస్సు కోసం నిలబడి ఆమెను తిట్టుకున్నాను. బస్సెక్కాక నోట్‌బుక్కు తీస్తే నా చేతిరాతతోనే లారీ కనబడింది. ఇక తిట్టలేకపోయాను.

సార్‌కు పేరు దొరక్కపోలేదు. వారం తిరక్కుండా మా కాలేజీ అటెండరు పేరు దొరికింది. అతనిదీ తండాయే. రోడ్డు పక్కన ఇంకో చేనుకు ఇప్పుడతను ఆసామి. ఆదివారాలు అక్కడికే పాదులు తవ్వడానికి వెళ్తున్నాడు. స్టాఫ్ రూములో అందరూ అతనికి కంగ్రాట్స్ చెప్పారు. నేను చెప్పలేదు. బయటికి పిలిచి చెప్పాల్సినవి చెప్పాను. అతను తల దించుకుని, "ఉద్యోగం పోతది మేడం" అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం నేను బస్సుకే వెళ్లాను. ముసలమ్మ గుమ్మంలోనే ఉంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. కాసేపు చూసి అగ్గిపెట్టె నా చేతిలో పెట్టింది.

"అంటియ్యి. చాయ్ తాగుదం."

గ్యాసు మీద వండటం మొదలుపెట్టి ఎన్నాళ్లయిందో. కట్టెలు పచ్చివి, పొగంతా నా మొహానికే కొట్టింది. ఆమె సాయం రాలేదు, బయట కూర్చుని చూస్తోంది. మూడో పుల్లకు అంటుకుంది. కళ్లు తుడుచుకుంటూ చాయ్ తెచ్చి ఇచ్చాను. రెండు గుక్కలు తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఇగ చెప్పు బిడ్డా," అంది. "నీ పేరేంది?"