నీలం తలుపుకు చేరని ఆవకాయ

ఖతర్‌లో, అల్ మన్సూరాలో మా కింది ఫ్లాట్లో పన్నెండేళ్ళున్న నర్సు ఆంటీ పోయారు. నర్సాపురం నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది అన్నయ్యా" అంది. రిసీవర్ పెట్టేసి కూర్చుంటే, నేనెన్నడూ చూడని ఒక నీలం తలుపు కళ్ళముందుకొచ్చింది. ఆ తలుపు రోములో ఉంది.

వైద్యానికి వెళ్ళిన ఒక ఖతరీ పెద్దావిడకు తోడుగా ఆంటీ రోములో నెల్లాళ్ళున్నారు. అక్కడి పాత కట్టడాల గురించి అడిగితే, "ఆఁ, రాళ్ళు చాలానే ఉన్నాయిరా" అనేసేవారు. తిండి మాటెత్తితే మాత్రం ఇక ఆగేవారు కాదు. శుక్రవారం ప్రార్థనయ్యాక అల్ వక్రా సముద్రపొడ్డున చాపలు పరుచుకుని కోడిపలావు తింటుంటే, కళ్ళు సగం మూసి దారి చెప్పేవారు.

"నది దాటాక కుడిచేతి సందు. బొమ్మల మెనూ పట్టుకుని గుమ్మంలో పిలిచేవాడి జోలికి పోకండర్రా. రొట్టెల కొట్టు దాటితే మెట్లు. పైన దండెం మీద దుప్పట్లు ఆరేసుంటాయి. వాటికిందే నీలం తలుపు. లోపల ఆరే ఆరు బల్లలు. ఏవుందని అడక్కండి. ముసలావిడ ఏం పెడితే అది తినెయ్యండి."

వింటూ వింటూ ఆ ఉప్పుగాలిలో మాకు టమాటాలు ఉడికే వాసనొచ్చేది. నిజం!

వచ్చేసేరోజు ఆ ముసలావిడ తన చేత్తో నూనెలో ఊరేసిన ఆలివుకాయలు ఒక సీసాడు ఇచ్చిందట. కాయలయిపోయాయి గానీ ఆంటీకి మనసూరుకోలేదు. "ఒకళ్ళ గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదురా, ఏ దేశమైనా సరే" అనేవారు. మా కంపెనీ నన్ను ట్రైనింగుకు ఇటలీ పంపుతూ రోములో రెండ్రోజులు ఆగమన్నప్పుడు, ఆ సీసానిండా ఆవకాయ పెట్టి, మూతకు గుడ్డకట్టి నా చేతికిచ్చారు.

రెండ్రోజులూ వాన. నది దాటలేదు నేను. స్టేషను పక్కన, ఆంటీ వద్దన్న అలాంటి బొమ్మల మెనూవాడి దగ్గరే కూర్చున్నాను. కారమన్నది లేని తిండి. ఒక్క ముక్క తింటే ఏం పోతుందిలే అనుకున్నాను. రెండో రోజు మధ్యాహ్నానికి సీసా అడుగు కనపడింది. నా నాలుక్కి వాత పెట్టాలి! సీసా కడిగి, కొట్లో కొన్న ఆలివుకాయలు నింపి, ముసలావిడ ఇచ్చినట్టుగా తెచ్చేశాను.

ఆంటీ ఒక కాయ నోట్లో వేసుకుని చాలాసేపు నమిలారు.

"ఏవందిరా ఆవిడ?"

"కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే మళ్ళీ వడ్డించుకుంది ఆంటీ."

పడీపడీ నవ్వారు. అప్పట్నించీ ప్రతి శుక్రవారం, "నువ్వు చెప్పరా, చూసొచ్చావుగా" అని నాతోనే దారి చెప్పించేవారు. చెప్పగా చెప్పగా ఆ మెట్లు ఎక్కినట్టే అనిపించేది నాకు. తడి దుప్పటి చెంపకు తగిలినట్టుండేది. నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లు కిందికి దిగానో. "ముందు తిను" అని కంచం పెట్టేవారు. తిన్నాక చెయ్యి కడుక్కుని పైకొచ్చేసేవాణ్ణి. ఆవిడ ఇండియాకు వెళ్ళిపోయేరోజు ఎయిర్‌పోర్టులో కూడా చెప్పలేదు.

మొన్న సెలవు ముగించుకుని వచ్చిన ఒకాయన నర్సాపురం నుంచి పార్సిల్ తెచ్చిచ్చాడు. అదే సీసా. పోయేముందు ఈ వేసవిలో ఆంటీ కలిపిన ఆవకాయ. పార్సిల్ అడుగున మడతపెట్టిన కాగితం, ఆంటీ చేతిరాతతో.

"ఒరేయ్, ఆ కాయల్లో ఆవిడ చెయ్యి లేదు. మొదటి కాయకే తెలిసిపోయింది. కానీ దారి నాకంటే బాగా చెప్పేవాడివి, వినాలనిపించి ఊరుకున్నాను. ఈసారి తినకుండా ఇచ్చిరా."

చదివి నవ్వాను. తర్వాత చాలాసేపు ఏడ్చాను.

ఈ ఏడాది సెలవుకు రోము వెళ్తానని కంపెనీకి రాసిచ్చాను. ఆ ముసలావిడ ఉందో లేదో తెలీదు. నది మాత్రం దాటతాను, వానొచ్చినా సరే. అందాకా సీసా కిటికీలో ఉంటుంది. సాయంత్రం ఎండ దాని గుండా వచ్చి గోడమీద ఎర్రగా పడుతుంది. మూతగుడ్డకు ఆంటీ వేసిన ముడి వేసినట్టే ఉంది.