ఐరిస్ తట్టిన భుజం

ఇంగ్లండు సముద్రపొడ్డునున్న మా ఊరు సాల్ట్‌హోమ్‌లో అరవై దాటిన ఆడవాళ్ళని వెనకనుంచి చూస్తే ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టం. అందరి తలలూ ఒక్కలాగే ఉంటాయి. చెవులు కప్పేస్తూ ఉంగరాల జుట్టు, నుదుటి మీద ఒక అల, సముద్రపు గాలికి కూడా కదలనంత స్ప్రే. అదంతా ఐరిస్ క్లెగ్ చేతిపని. ఇంటి ముందుగదే ఆవిడ దుకాణం. రెండు కుర్చీలు, తలమీద బోర్లించే డ్రయ్యర్లు రెండు. వాటిలో ఒకటి పనిచెయ్యదు, అయినా అలంకారానికి ఉంచింది.

"ఎలా కావాలి?" అని ఐరిస్ ఎవరినీ అడగదు. కూర్చోగానే తల రెండు చేతులతో పట్టుకుని అద్దం వైపు తిప్పి, "నీ మొహానికి ఏం నప్పుతుందో నాకు తెలుసు, నువ్వు టీ తాగు" అంటుంది. ఒకసారి కొత్తగా వచ్చిన బడి టీచరమ్మ పత్రికలో బొమ్మ చూపించి అలా కత్తిరించమంది. ఐరిస్ బొమ్మని చూసింది, టీచరమ్మని చూసింది. "ఇది ఆ పిల్ల మొహంతో కలిపి వస్తుంది తల్లీ. మొహం నేను తేలేను" అంది. టీచరమ్మ కూడా ఉంగరాలతోనే ఇంటికెళ్ళింది.

ఎనభై దాటినా రోజంతా నిలబడే పనిచేస్తుంది. చేసిన పనికి తిరిగి చింతపడటం ఆవిడ ఒంట్లో లేదు. మొగుడు క్లిఫ్ గ్యాస్ పైపులు బిగించేవాడు, పోయి చాలా ఏళ్ళయింది. "మంచి మనిషి. గురక పెట్టేవాడు. మళ్ళీ చేసుకోమంటే మళ్ళీ అతన్నే చేసుకుంటా, గురకతో సహా" అంటుంది. డ్రయ్యరు కింద ఉన్నవాళ్ళకి కూడా వినబడేట్టు అంటుంది.

శుక్రవారం పొద్దున మొదటి కుర్చీ బెరిల్ హార్‌గ్రీవ్స్‌ది. ఇద్దరూ ఒకే బడిలో చదివారు. బెరిల్ టెలిఫోన్ ఎక్స్చేంజిలో కొన్నాళ్ళు, తరవాత చెప్పుల దుకాణంలో పనిచేసింది, పెళ్ళి చేసుకోలేదు. మాట తక్కువ, మాటలో ఉప్పూ కారం ఎక్కువ. ఐరిస్ ఆమె దగ్గర ఏనాడూ డబ్బు పుచ్చుకోలేదు. అందుకని బెరిల్ బేకరీ నుంచి కాగితం సంచిలో రెండు కస్టర్డ్ టార్టులు తెస్తుంది. తలపని అయ్యాక ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని తింటారు. ఏళ్ళ తరబడి ఇదే.

ఇంత దిట్టమైన మనిషికీ ఒక వింత ఉంది. సముద్రంలోకి వంతెనలా కట్టిన పియర్ చివరనున్న డాన్సు హాలులో ఐరిస్ అడుగుపెట్టదు. మంగళవారం మధ్యాహ్నాలు ఊళ్ళో పెద్దవాళ్ళంతా అక్కడ టీ తాగి, జోడీలుగా వాల్ట్జ్ డాన్సు చేస్తారు. ఐరిస్‌ని పిలిస్తే "మోకాళ్ళు" అంటుంది. పొద్దుటినుంచి సాయంత్రందాకా నిలబడే మోకాళ్ళకి ఏమొచ్చిందని ఎవరూ అడగలేదు. మా ఊళ్ళో మోకాళ్ళ మాట ఎత్తితే అక్కడితో ఆగిపోవడం మర్యాద.

అలాంటి సమయంలో లండన్ నుంచి సినిమావాళ్ళు దిగారు. ఏదో నవలని సినిమాగా తీస్తున్నారు. ముసలితనం, జారవిడుచుకున్న బతుకు, వయసులో చెప్పలేకపోయిన ఒక మాట, అదీ కథ. వెనక డాన్సు చెయ్యడానికి డెబ్భై దాటినవాళ్ళు కావాలన్నారు.

"బాధపడ్డానికి మా ఊరే దొరికిందా వీళ్ళకి?" అంది ఐరిస్.

"వర్షం ఉచితం కదా" అన్నాడు విల్ఫ్ ఆగ్డెన్, బస్సు నడిపి రిటైరైన పెద్దాయన, డ్రయ్యరు కింద ఉన్న పెళ్ళాం కోసం గుమ్మంలో ఎదురుచూస్తూ.

"నేను పేరిచ్చా" అంది కుర్చీలో ఉన్న బెరిల్. "నీ పేరు కూడా ఇచ్చా."

"నా మోకాళ్ళు..."

"నీ మోకాళ్ళ పేరు ఇవ్వలేదు. నీది ఇచ్చా."

ఐరిస్ దువ్వెన చేతిలో పట్టుకుని అద్దంలో బెరిల్ మొహం చూసింది. అందులో ఏమీ కనబడలేదు. బెరిల్ మొహంలో ఎప్పుడూ ఏమీ కనబడదు. ఐరిస్‌ని ఏళ్ళుగా తినేస్తున్నది కూడా అదే.

షూటింగు రోజున హాలు నిండా తీగలు, దీపాలు. డైరెక్టరు ఇమొజెన్ అనే పిల్ల, సన్నగా, మెడలో మఫ్లరు. ఐరిస్‌ని విల్ఫ్‌తో జోడీ వేసింది. బెరిల్‌ని గోడ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పింది. సన్నివేశం చిన్నదే. వాయిద్యాల మేళం పెద్ద "ఆడవాళ్ళ ఎక్స్‌క్యూజ్‌మీ!" అని ప్రకటిస్తాడు. మా హాళ్ళలో ఆ పాట మొదలైతే, కూర్చున్న ఆడమనిషి ఎవరైనా లేచి వెళ్ళి, డాన్సు చేస్తున్న మరో ఆడదాని భుజం తట్టి, ఆమె జోడీని తను తీసుకోవచ్చు. భుజం తట్టించుకున్నామె కాదనకూడదు. నవ్వుతూ పక్కకి తప్పుకోవాలి. కథానాయిక లేస్తుంది, సగం దూరం నడుస్తుంది, చెయ్యి ఎత్తబోయి ఆగిపోతుంది, తిరిగి కుర్చీకి వెళ్ళిపోతుంది.

ఒకసారి తీశారు. మళ్ళీ తీశారు. మళ్ళీ. ప్రతిసారీ ఆ నటి సగంలో ఆగిపోవడం చూసి ఐరిస్‌కి ఒళ్ళు మండింది.

"అమ్మాయ్, ఆ తల్లికి ఏమొచ్చింది? ఇంకో నాలుగడుగులు వేస్తే సరిపోతుందిగా!"

ఇమొజెన్ ఓపిగ్గా దగ్గరికొచ్చింది. "ఐరిస్ గారూ, సినిమా అంతా ఆ ఆగిపోవడం మీదే ఉందండీ. వయసులో ఉన్నప్పుడు తట్టలేదు. ఆ బాధతోనే బతికింది."

"మరి తట్టి ఉంటే?"

"తట్టి ఉంటే సుఖంగా బతికేది. అప్పుడు కథే లేదు."

పక్కన విల్ఫ్ నవ్వాడు. ఐరిస్ నవ్వలేదు. మూతి బిగించుకుంది. ఎందుకంటే ఐరిస్ తట్టింది. ఇదే హాలులో, ఇదే పాటకి, పంతొమ్మిదేళ్ళ వయసులో. అప్పుడు క్లిఫ్ చేతుల్లో ఉన్నది బెరిల్. మూడు వారాలుగా ఆ ఇద్దరే జోడీ. పాట పేరు చెప్పగానే ఐరిస్ ఒక్క ఊపున నడిచివెళ్ళి, స్నేహితురాలి భుజం తట్టింది. బెరిల్ నవ్వింది, పక్కకి తప్పుకుంది. ఆ రాత్రి క్లిఫ్ ఐరిస్‌ని ఇంటిదాకా దిగబెట్టాడు. మరుసటేడు పెళ్ళిలో తోడు పెళ్ళికూతురు బెరిలే.

తట్టినందుకు ఐరిస్ ఏనాడూ చింతించలేదు. కానీ ఆ నవ్వు ఉందే, అది బెరిల్ నవ్విన నవ్వా, నియమం నవ్వించిన నవ్వా? అది తెలియకుండానే ఇన్నేళ్ళు గడిచాయి. అడిగితే కస్టర్డ్ టార్టులు ఆగిపోతాయేమోనని భయం. ఆ భయంతోనే హాలుకి రావడం మానేసింది. బెరిల్ ఎదుట క్లిఫ్‌తో ఎలా డాన్సు చేస్తుంది? క్లిఫ్ పోయాక కూడా ఆ అలవాటు మారలేదు.

భోజనాల వేళ సినిమావాళ్ళ బండి దగ్గర మాంసం కూరిన పై రొట్టె, బఠాణీలు ఇచ్చారు. ఇద్దరూ సముద్రం వైపు బల్ల మీద కూర్చున్నారు. గాలి గట్టిగా వీస్తోంది, ఇద్దరి ఉంగరాలూ కదలడంలేదు.

"బెరిల్, ఆ రోజు నేను తట్టినప్పుడు నవ్వావు. నిజంగా నవ్వావా?"

బెరిల్ బఠాణీలు మింగింది. "అడగడానికి ఇంత కాలం పట్టిందా?"

"చెప్పవే ముందు."

"దొంగ నవ్వే. మా అమ్మ నేర్పించింది. ఆ రాత్రి బాగా ఏడ్చా, ఇంకో పదిహేను రోజులు ఏడ్చా. తరవాత మీ పెళ్ళిలో మీ ఆయన డాన్సు చేస్తుంటే చూశా. పెదాలు కదులుతున్నాయి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటున్నాడు! నేను తప్పించుకున్నా అనిపించింది."

"ఇంట్లో డాన్సు చేసినా చచ్చేదాకా లెక్కపెట్టాడే" అంది ఐరిస్. నవ్వబోయి ఆగింది. "అయితే కోపం లేదా?"

"ఉంది. ఎందుకు లేదూ? మంగళవారాలు మీ అమ్మ వంటింట్లో బల్ల పక్కకి జరిపి మనిద్దరం ఏం చేసేవాళ్ళం?"

"డాన్సు నేర్చుకునేవాళ్ళం. నేను మగాడి అడుగులు వేసేదాన్ని."

"నీ అంత బాగా నన్ను నడిపించినవాడు మరొకడు దొరకలేదు. పెళ్ళయ్యాక నువ్వు హాలుకి రావడం మానేశావు. మోకాళ్ళట! నాకు పోయింది క్లిఫ్ కాదే మొద్దూ, నా జోడీ."

ఐరిస్ ఫోర్కు పక్కన పెట్టింది. "నీకు కష్టం కలిగించకూడదని రాలేదే."

"నన్ను అడిగావా? నువ్వు ఎవరినైనా ఏదైనా అడుగుతావా? ఇదిగో, ఈ జుట్టు! ఈ ఉంగరాలు నాకు మొదట్నుంచీ నచ్చవు. డబ్బు తీసుకోవుగా, ఎలా చెప్పను?"

"ఇన్నేళ్ళూ నచ్చలేదా?"

"గొర్రెపిల్లలా ఉన్నా."

సముద్రం మీద ఒక పక్షి గట్టిగా అరిచింది. ఐరిస్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బెరిల్ మాత్రం ఆమె పళ్ళెంలోంచి పై రొట్టె ముక్క తీసుకుని తినేసింది.

మళ్ళీ పిలిచారు. దీపాలు వెలిగాయి. మేళం పెద్ద ప్రకటించాడు. కథానాయిక లేచింది, సగం నడిచింది, చెయ్యి ఎత్తబోయి ఆగింది. ఆమె వెనకాల, కదలొద్దన్న కుర్చీలోంచి బెరిల్ లేచింది. ఎక్కడా ఆగలేదు. తిన్నగా ఐరిస్ జోడీ దగ్గరికి వచ్చి, ఐరిస్ భుజం కాదు, విల్ఫ్ భుజం తట్టింది.

"నన్నా?" అన్నాడు విల్ఫ్.

"నిన్నే. నవ్వి తప్పుకో."

విల్ఫ్ నవ్వి తప్పుకున్నాడు. ఐరిస్ కుడిచెయ్యి తనంతట తానే వెళ్ళి బెరిల్ వీపు మీద ఆనింది. మగాడి అడుగు, ఎడమకాలు ముందుకి. ఆ కాలికి అంతా గుర్తుంది. బెరిల్ కళ్ళు మూసుకుని వెనక్కి నడిచింది. వంటింట్లో బల్ల పక్కకి జరిపినప్పుడు నడిచినట్టే.

కట్ చెప్పాల్సిన ఇమొజెన్ కెమెరా తెర వైపు చూస్తూ ఉండిపోయింది. పాట మొత్తం అయ్యాక దగ్గరికొచ్చి, "ఎవరు చెప్పారు మీకు?" అంది.

"ఎవరూ చెప్పలేదు. మళ్ళీ చెయ్యమంటే చేస్తాం" అంది ఐరిస్.

చేయించింది. ఇమొజెన్ మళ్ళీ మళ్ళీ చేయించింది. చీకటిపడేసరికి ఐరిస్‌కి నిజంగానే మోకాళ్ళు పట్టేశాయి. సినిమా వచ్చాక చూస్తే ఇద్దరూ నటి వెనకాల మసకగా, రెప్పపాటు సేపు కనబడతారు. ఆ రెప్పపాటుకే మా ఊరి థియేటర్లో ఈలలు వేశారు. మిగిలిన కథ ఎవరూ సరిగ్గా చూడలేదు.

షూటింగు అయ్యాక వచ్చిన శుక్రవారం బెరిల్ వచ్చి కుర్చీలో కూర్చుంది. ఐరిస్ వెనక నిలబడింది. చేతులు బెరిల్ తల మీదికి వెళ్ళబోయి ఆగాయి.

"ఎలా కావాలి?"

డ్రయ్యరు కిందున్న విల్ఫ్ పెళ్ళాం ఉలిక్కిపడి తల బయటికి పెట్టింది.

"పొట్టిగా. కుర్రాడిలా" అంది బెరిల్.

ఐరిస్ కత్తెర తీసింది. ఉంగరాలు ఒక్కొక్కటే నేల మీద పడ్డాయి. అంతా అయ్యాక బెరిల్ అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది.

"నా చెవులు ఇంత పెద్దవని ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"చెప్పకుండా కప్పి ఉంచాగా!" అంది ఐరిస్.

బెరిల్ నవ్వింది. ఆపుకోలేక, టార్టుల సంచి ఒళ్ళోంచి జారిపోయేంత నవ్వింది. ఐరిస్ వంగి ఆ సంచి తీసింది. మోకాళ్ళు కటుక్కుమన్నాయి.

"మంగళవారం డాన్సు ఎన్నింటికి?" అంది.