మా ఇంటి మెసాన్

అమ్మ వేసవంతా ఏరి వాకిట్లో ఆరబోసిన ఇప్పపువ్వు పక్కనే నాయన ఎద్దును కట్టేసి ఎటో పోయాడు. ఎద్దు పువ్వంతా మేసి రెండు రోజులు మత్తుగా పడుకుంది. అమ్మ మాత్రం నాయనతో రెండేళ్లు మాట్లాడలేదు. భద్రాచలం అడవి అంచున మాది రెండు గదుల ఇల్లు. అందులో ఇద్దరు మాట్లాడుకోకుండా బతకాలంటే మూడో మనిషి ఉండాలి. ఒక్కగానొక్క బిడ్డను కాబట్టి ఆ ఉద్యోగం నాకే దక్కింది.

"ఆ మొద్దును తిని పొమ్మను," అనేది అమ్మ పొయ్యి దగ్గర నుంచి. నాలుగడుగుల దూరంలో ఉన్న నాయనకు చెవుడేమీ లేదు. అయినా నేను చెప్పేదాకా కదిలేవాడు కాదు. "నాయనా, నీకిష్టమని అమ్మ చేపల పులుసు పెట్టిందట, రా," అనేదాన్ని. పళ్లెంలో చారే ఉండేది. ఆయన ఏమీ అనకుండా తినేవాడు. ఉన్నది ఉన్నట్టు చేరవేసి ఉంటే ఆ సంసారం వారం కూడా నిలిచేది కాదు.

భద్రాచలంలో ఇంటర్ చదివేటప్పుడు మా ఫిజిక్స్ లెక్చరర్ పరమాణు కేంద్రకం పాఠం చెప్పారు. ప్రోటాన్లన్నీ ధనావేశాలే, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అయినా అంత ఇరుకులో విడిపోకుండా ఎట్లా ఉంటాయంటే, కేంద్రకంలోని కణాల నడుమ మెసాన్ అనే మరో కణం అటూ ఇటూ తిరుగుతూ వాటిని పట్టి ఉంచుతుందట. నాకు నవ్వు ఆగలేదు.

"ఏందమ్మా నవ్వుతున్నవ్?" అన్నారు సార్.

"ఆ పని నేను ఇంట్ల చేస్తున్న సార్. జీతం గూడ లేదు."

క్లాసంతా నవ్వింది. సార్ నన్ను గంట కొట్టేదాకా నిలబెట్టారు. నిలబడ్డంతసేపూ ఒకటే ఆలోచన: మెసాన్ వెళ్లిపోతే ఏమవుతుంది?

ఖమ్మంలో డిగ్రీ సీటు, హాస్టల్ వచ్చినప్పుడు ఆ ప్రశ్న మెడకు చుట్టుకుంది. నేను పోతే అమ్మ మూట కట్టుకుని తిరుమలాయపాలెంలోని మేనమామ ఇంటికి పోవడం ఖాయం. నాకేమో చదువుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. "మీ అమ్మ ఏమంటదో అడుగు," అన్నాడు నాయన. "మీ నాయననే అడుగు," అంది అమ్మ. రెండు రోజులు తిరిగి విసుగెత్తి, అమ్మ పొమ్మన్నదని ఆయనకూ, నాయన పొమ్మన్నాడని ఆమెకూ చెప్పి బస్సెక్కాను.

దసరా సెలవులకు బితుకుబితుకుమంటూ వచ్చాను. మా ఇంటి దడి దగ్గరికి రాగానే కేకలు వినిపించాయి.

"పిల్లను పొమ్మని నేనెప్పుడన్న?" అంటోంది అమ్మ.

"నువ్వన్నవనే గద నేను ఊకున్న," అంటున్నాడు నాయన.

"నాతోని నువ్వు పొమ్మన్నవని చెప్పింది."

నేరుగా, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ తిట్టుకుంటున్నారు. అంత కమ్మటి తగువు నేనెన్నడూ వినలేదు. సంతోషానికి ఏడుపొచ్చింది. లోపల అడుగుపెట్టగానే ఇద్దరూ ఒక్కటై నా మీద పడ్డారు.

తిట్లయ్యాక అమ్మ అన్నం వడ్డించింది గానీ నా వైపు చూడలేదు. నాయన వైపు తిరిగి, "ఆ అబద్ధాలకోరును తినమను," అంది.

నాయన నా దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, నీకిష్టమని మీ అమ్మ చేపల పులుసు పెట్టిందట, రా."

పళ్లెంలో చారు ఉంది. నేను ఏమీ అనకుండా తిన్నాను.