వార్డులకు కింది వరస

జక్కయ్యది రేపల్లె దగ్గర పల్లె. కంప్యూటర్ పని చేతపట్టుకుని కుర్రతనంలోనే ఢిల్లీ వచ్చి, దక్షిణ ఢిల్లీలో ఒక ట్రస్టు ఆస్పత్రిలో ఉద్యోగం, మయూర్ విహార్‌లో ఒక ఫ్లాటు సంపాదించుకున్నాడు. భార్య జయశీల అదే ఆస్పత్రిలో గుండె వార్డుకు హెడ్ నర్సు. జక్కయ్య మంచి మనిషి. ఎంత మంచి మనిషంటే, ఇంట్లోవాళ్ల ప్రాణం విసిగిపోయేంత.

జక్కయ్య సంఘపెద్దగా ఉన్న చర్చిలో నెలకోసారి ఆరాధన అయ్యాక అందరికీ భోజనాలు పెడతారు. వడ్డించేవాళ్ల కుటుంబం ఆఖర్న తినడం అక్కడి మర్యాద. వంట ఎవరి వంతైనా సరే, గరిటె మాత్రం జక్కయ్య చేతిలోనే ఉండేది. ఇంకేముంది, ఆయన పెళ్లాం పిల్లలు కూర్చునేసరికి గిన్నెలో పులుసే తప్ప ముక్క మిగిలేది కాదు. “పాపా, ఫిర్ సే ఖాలీ గ్రేవీ?” మళ్లీ ఉత్త పులుసేనా అని కొడుకు స్టీవ్ మొహం మాడ్చుకునేవాడు. “సంఘపెద్ద సొంతవాళ్లకి ముందు వడ్డించుకున్నాడని నలుగురిచేతా అనిపించుకోమంటావేంట్రా?” అనేవాడు జక్కయ్య. ఆ ఒక్క మాట పడకుండా బతకాలని ఆయన పంతం.

ఇక ఆస్పత్రి సంగతి. మొన్నమొన్నటిదాకా ఏ విభాగం సర్వర్లు ఆ విభాగానివే. స్కానింగువాళ్ల మిషన్లు పని మోయలేక ఒగరుస్తుంటే, పక్క గదిలో అకౌంట్సువాళ్లవి గుర్రుపెట్టి నిద్రపోయేవి. కాసేపు ఇవ్వండయ్యా అంటే ఇవ్వరు, అవి మావి అంటారు. ఈ గోల పడలేక యాజమాన్యం మిషన్లన్నిటినీ ఒక్క కుప్ప చేసి, పంచే పనిని ఒక సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పింది. ఎవరికి ఏ క్షణాన ఎంత శక్తి కావాలో అదే కనిపెట్టి ఇస్తుంది. అక్కర తీరగానే వెనక్కి తీసుకుంటుంది. ఒక్కటి మాత్రం మనిషే చెప్పాలి. అందరూ ఒకేసారి మీదపడి మిషన్లు చాలకపోతే ఎవరిది ముందు, ఎవరిది వెనక? ఆ వరస కట్టే పని జక్కయ్య మీద పడింది.

అత్యవసర విభాగం, ఆపరేషన్ థియేటర్లు, ల్యాబ్ పైన ఉండాలని ఎవరూ కాదనలేదు. తగువంతా ఆ తర్వాతి చోటు గురించే. బిల్లింగ్ మేనేజరైతే రోజూ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. “భాయ్ సాబ్, కౌంటర్ ఆగిందంటే పబ్లిక్ మమ్మల్ని కొడతారు” అని ఒకటే పోరు. వార్డుల్లో నర్సులకు ఒక మందుల స్క్రీన్ ఉంది. ఏ రోగికి ఏ ఇంజెక్షన్ ఇచ్చారో టాబ్లెట్ మీద నొక్కుతారు, అది సర్వర్లో నిలుస్తుంది. దాని తరఫున అడగడానికి ఎవరూ రాలేదు. నర్సులకు ఊపిరి సలిపితే కదా రావడానికి! జయశీల ఒక్కతే ఇంట్లో అన్నం వడ్డిస్తూ, “మాది కాస్త పైన వెయ్యండి” అంది.

ఆ మాటతోనే పని చెడింది. పెళ్లాం అడిగిందని పైకెక్కించాడంటారేమోనని జక్కయ్యకు గుబులు పట్టుకుంది. మందుల స్క్రీన్‌ను తీసుకెళ్లి బిల్లింగ్ కన్నా కింద, అట్టడుగున పడేశాడు. చిన్న పనే కదా, దానికెంత కావాలి అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు కూడా.

చాన్నాళ్లు ఏమీ కాలేదు. మిషన్లు అందరికీ సరిపోయేవి. ఆ తర్వాత డెంగ్యూ కాలం వచ్చింది. ఒక సోమవారం పొద్దున ఓపీ కిక్కిరిసిపోయింది. ల్యాబ్, స్కానింగ్, బిల్లింగ్ అన్నీ ఒక్కసారే శక్తి కోసం ఎగబడ్డాయి. సాఫ్ట్‌వేర్ చెప్పినట్టే చేసింది, కిందివాళ్ల దగ్గర లాక్కుని పైవాళ్లకిచ్చింది.

అదే సమయానికి గుండె వార్డులో కొత్త నర్సు కెరెన్ ఒక పెద్దాయనకి రక్తం పల్చబరిచే ఇంజెక్షన్ ఇచ్చింది. కెరెన్ వీళ్ల చర్చి పిల్లే. ఇచ్చి, టాబ్లెట్ మీద నొక్కి, పక్క మంచం దగ్గరికి పరిగెత్తింది. ఆ నొక్కుడు సర్వర్లో నిలవనే లేదు. డ్యూటీ మారాక వచ్చిన నర్సు, ఇంకా ఇవ్వలేదనుకుని మళ్లీ సిరంజీ ఎత్తింది. “బేటీ, యే సుయీ తో లగ్ చుకీ హై” ఈ సూది ఇందాకే వేశారమ్మా అని ఆ పెద్దాయనే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. తెలివిలో ఉన్నాడు కాబట్టి బతికిపోయాడు. ఇంజెక్షన్ ఇచ్చి నమోదు చెయ్యలేదని కెరెన్‌కు మెమో ఇచ్చారు. విచారణలో తప్పు ఆమెదేనని తేలితే ఉద్యోగం ఊడుతుంది.

“ఆ పిల్ల అంత అజాగ్రత్త మనిషి కాదండీ” అని జయశీల ఇంట్లో కళ్లొత్తుకుంది. జక్కయ్య మర్నాడు ఆఫీసులో ఆ పూట సర్వర్లు ఏం చేశాయో తవ్వి చూశాడు. చూసి, తను కట్టిన వరసను మళ్లీ తెరిచి చూసుకున్నాడు. విచారణ రోజు పొద్దున మెట్రోలో భార్యతో చెప్పాడు.

“ఆ పిల్ల నొక్కింది జయా, నొక్కినట్టు సర్వర్లో గుర్తుంది. సర్వరే నిలుపుకోలేదు. అప్పుడున్నదంతా బిల్లింగ్‌కిచ్చేసింది.”

“ఎందుకిచ్చింది?”

“నేనే ఇవ్వమన్నాను. మీ వార్డుల్ని ఆఖర్న పెట్టాను.”

“ఆఖర్నా? ఎందుకండీ?”

“నువ్వున్నావు కదా అని.”

జయశీల ఆయనకేసి తిరిగింది. “నా పిల్లల ముక్క తీసి ఊరందరికీ వడ్డించారు, నోరెత్తలేదు. అది మనది, ఇచ్చుకున్నారు. ఇదెవరిదండీ? ఆ మంచం మీద ముసలాయన నాకేమన్నా మేనమామా? మీ మంచి పేరు కోసం ఆయన చావాలా?”

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. జక్కయ్య తల దించుకున్నాడు.

విచారణ గదిలో జక్కయ్య జరిగిందంతా చెప్పాడు. “మరి వార్డుల్ని అంత కింద ఎందుకు పెట్టారు?” అని సూపరింటెండెంట్ మేడమ్ హిందీలో అడిగింది. మా ఆవిడ అక్కడ పనిచేస్తుంది కాబట్టి అన్నాడు. గదిలో ఎవరూ నవ్వలేదు. బిల్లింగ్ మేనేజర్ మాత్రం గొణిగాడు: “అయితే ఇప్పుడు భాభీజీ కోసం పైకెక్కిస్తారన్నమాట.” జక్కయ్య చెవులు ఎర్రబడ్డాయి. “అలాగే అనుకోండి” అని, అక్కడే లాప్‌టాప్ తెరిచి మందుల స్క్రీన్‌ను వరసలో ల్యాబ్ పక్కన పెట్టాడు. మెమో రద్దు చేస్తున్నామని మేడమ్ చెప్పింది.

బయట వరండాలో కెరెన్ ఆయన్ని ఆపింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి.

“అంకుల్, నేను నొక్కానా? సచ్ మే, నిజంగానా?”

“నొక్కావమ్మా.”

“నేనే మర్చిపోయాననుకున్నా అంకుల్. నాకే డౌట్ వచ్చేసింది. రోజూ ప్రేయర్‌లో సారీ చెప్తున్నా.”

“చెప్పుకోవాల్సింది నేనమ్మా” అని జక్కయ్య చేతులు జోడించాడు.

పర్వాలేదు అంకుల్ అంటుందేమోనని చూశాడు. కెరెన్ ఆ మాట అనలేదు. డ్యూటీకి టైమవుతోందని టాబ్లెట్ చేతిలోకి తీసుకుని, “ఇప్పుడు నొక్కితే నిలుస్తుందా?” అని అడిగింది.